అత్తమ్మ కట్టిన ఒకే ఒక్క పట్టుచీర

మా మేనత్త పోయిందన్న కబురు వచ్చినప్పుడు నేను బళ్లో ఆరో తరగతి పిల్లల నోటుబుక్కులు దిద్దుతున్నాను. అమ్మ ఫోను చేసి "అత్తమ్మ పోయిందే" అని ఒక్క మాట అని, వెంటనే "తిన్నవా?" అని అడిగింది. తిన్నానన్నాను. చేతిలో ఉన్న పుస్తకం పూర్తిగా దిద్ది, మార్కులు వేసి, అప్పుడు లేచి సెలవు అడగడానికి వెళ్లాను.

నల్లగొండలో బస్సెక్కి, నకిరేకల్‌లో దిగి, ఆటో పట్టుకుని ఇల్లు చేరేసరికి వాడకట్టంతా మా వాకిట్లో ఉంది. వచ్చినవాళ్లు వచ్చినట్టు ఒకటే మాట. "పోనీయ్ బిడ్డా, ఆమె బాధ తప్పింది." ఏ బాధ తప్పిందని ఒక్కరినైనా నిలదీయాలనిపించింది. కాళ్ల బాధ గురించే అయితే, అది ఆమెకు మూడో ఏట వచ్చింది, అరవై దాటేదాకా దానితో హాయిగా కాపురం చేసింది. చివరి నాలుగేళ్లు ఆమెను తిన్నది కాగితాల బాధ. అది ఆమె తెచ్చుకున్నది కాదు. కొంత ఊరు పెట్టింది, కొంత ఆఫీసులు పెట్టాయి, కొంత నేనే పెట్టాను. ఈ నాలుగు మాటలు రాయడం అందుకే. మంచి మాటలే రాద్దామని కూర్చున్నాను గానీ, కలం నా మాట వినేలా లేదు.

ఆమె మా నాయినకు అక్క. పెళ్లి చేయలేదు, చేస్తామని ఎవరూ అనలేదు కూడా. రెండు చేతులకూ రబ్బరు చెప్పులు తొడుక్కుని, నేల మీద చేతులతో నడిచేది. అన్నానికి వచ్చే ముందు ఆ చెప్పులు విప్పి, కడిగి, గోడకు ఆనించి, చేతులు మోచేతుల దాకా కడుక్కునేది. అంత శుభ్రం మా ఇంట్లో కాళ్లున్నవాళ్లకు లేదు. పొద్దున చాయ్ తాగింది మొదలు రాట్నం ముందు కూర్చుని మగ్గానికి కండెలు చుట్టేది. మా నాయిన నేసిన చీరల్లో అడ్డంగా పరిగెత్తిన ప్రతి పోగూ ముందు ఆమె వేళ్ల మధ్య నుంచి వచ్చినదే.

నాకు కోపం ఎక్కువ. చిన్నప్పటి నుంచీ అంతే. లెక్క రాకపోతే పలక విసిరేసేదాన్ని. అత్తమ్మ రాట్నం ఆపకుండానే అనేది, "తెగిన పోగును తిడితె అతుకుతదా బిడ్డా? కొస దొరకబట్టు ముందు." ఆమె అనే మాటలన్నీ ఇట్లా పనిలోంచి వచ్చేవే. పింఛను గురించి ఒకటి అనేది, అది వాడకట్టంతా చెప్పుకుని నవ్వేవారు. "నడ్వని కాళ్లకు సర్కారు నెలనెల కూలిస్తుంది. పొద్దుందాక నడిచే చేతులకు ఎవ్వడిస్తలేడు."

ఆ చేతుల కూలితోనే ఆమె ఒక జాగా కొనుక్కుంది. తెలంగాణ రాకముందు, రోడ్డు ఇంకా ఇంత వెడల్పు కానప్పుడు, ఊరి చివర నూటయాభై గజాలు. రాళ్లూ తుమ్మలూ తప్ప అక్కడ ఏమీ లేవు. ఏం చేసుకుంటావని అడిగితే, ఇల్లు కట్టుకుంటా, దానికి ఒక్క గడప కూడా ఉండదు అనేది. మా ఇంట్లో నాలుగు గడపలు. పొద్దున లేస్తే వాటి మీదుగా ఒళ్లు ఈడ్చుకుంటూ తిరగాలి ఆమె. అమ్మ నోరు నొక్కుకునేది. "గడప లేకపోతె పసుపు ఏడ రాస్తవు వదినె? లచ్చిమి ఏడ గూసుంటది?" అత్తమ్మ నవ్వేది. "లచ్చిమికి గూడ మోకాళ్లు నొస్తయి. చాప ఏస్త తీ, కూసుంటది."

ఆ జాగా ఎట్లా పోయిందో చెప్తే మీకు నవ్వొస్తుంది. రాష్ట్రం వచ్చిన కొత్తలో పింఛన్లన్నీ మళ్లీ కొత్తగా రాయించుకోవాలన్నారు. మా వాడకట్టులో అందరికీ ఆఫీసు పనులు చేసిపెట్టే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. మేం ఆయన్ని కాగితాలాయన అనేవాళ్లం. ఆయన అత్తమ్మను ఆటోలో ఎక్కించుకుని రెండు రోజులు తిప్పాడు. ఒక ఆఫీసులో ఫొటో తీశారు, వేలిముద్ర తీసుకున్నారు. మర్నాడు ఇంకో ఆఫీసులోనూ ఫొటో తీశారు, వేలిముద్ర తీసుకున్నారు. మొదటిది పింఛనుకు. రెండోది జాగా అమ్ముకునే హక్కు ఆయనకు రాసిచ్చినట్టు. అత్తమ్మకు రెండూ ఒకటే అనిపించాయి. పింఛను మంజూరై వచ్చింది కూడా. ఆ సంతోషానికి కాగితాలాయనను ఇంటికి పిలిచి, కోడిని కోసి, చేతుల మీద పాక్కుంటూ తానే వడ్డించింది.

ఏళ్ల తర్వాత, ఆ జాగా చుట్టూ ఎవరో సిమెంటు కడీలు పాతుతున్నారని తెలిస్తే నాయిన పరిగెత్తాడు. అప్పటికి అది రెండు చేతులు మారింది. కాగితాలాయన ఇంటికి వెళ్లి అడిగితే, "నీ అక్కనే ఇష్టపడి ఇచ్చింది, ఫొటోల నవ్వుకుంట ఉంది సూడు" అన్నాడు. నిజమే, ఫొటోలో అత్తమ్మ నవ్వుతూనే ఉంది. ఫొటో తీసేవాడు నవ్వమన్నాడట.

నేనే కోర్టుకు పోదామన్నాను. నాయిన వద్దన్నాడు. అమ్మ వద్దంది. అత్తమ్మ మాత్రం "నీకు సదువొచ్చు. నువ్ సూస్తనంటె పోదాం" అంది. వకీలు సారు కాగితాలు చూసి, కేసు బలమైనదే అన్నాడు. కానీ దావా వేయాలంటే ముందు కోర్టు ఫీజు కట్టాలి, ఆ ఫీజు జాగా ఇప్పటి విలువను బట్టి ఉంటుంది. రోడ్డు వెడల్పయ్యాక ఆ రాళ్ల జాగా విలువ ఆకాశానికి పోయింది. దొంగ ఎంత ఎక్కువ దోచుకుంటే, దోచుకున్నాడని చెప్పుకోవడానికి అంత ఎక్కువ కట్టాలన్నమాట. అత్తమ్మ చేతిలో ఉన్నది పింఛను, కండెల కూలి. వకీలు సారు ఒక దారి చెప్పాడు. కట్టే స్తోమత లేదని రుజువు చేసుకుంటే ఫీజు లేకుండానే దావా తీసుకుంటారు. దానికి ఒక అర్జీ, ఉన్న ఆస్తుల జాబితా.

జాబితా నేనే రాశాను. రాట్నం ఒకటి, ట్రంకు పెట్టె ఒకటి, చీరలు ఐదు, సత్తు గిన్నెలు, పింఛను. చదివి వినిపిస్తే అత్తమ్మ ఆగమంది. "రెండు కోడిపెట్టలున్నయి గదనే. అబద్ధం రాయకు." కోడిపెట్టలూ ఎక్కించాను. ఆ జాబితా వకీలు సారు టైపు చేయించినప్పుడు అర పేజీ కూడా నిండలేదు. నలభై ఏళ్లకు పైగా పొద్దందాకా పని చేసిన మనిషిది అది.

కోర్టు ఆ అర్జీని విచారణకు రెవెన్యూ ఆఫీసుకు పంపింది. ఈమె నిజంగా పేదదో కాదో చూసి రాయడానికి రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, మా దగ్గర గిర్దావర్ అంటాం, ఇంటికి వస్తాడని ముందురోజు కబురొచ్చింది. ఇక్కడ మేం చేసిన పని చెప్పాలి. చెప్పకుండా ఈ రాతకు అర్థం లేదు.

మా వాడకట్టులో లేనితనం బయటపడకుండా బతకడమే మర్యాద. పొయ్యి వెలగని రోజు కూడా వాకిలి చల్లి ముగ్గు వేస్తాం. ఇంటికి ఆఫీసరొస్తున్నాడనగానే అమ్మ నేలంతా తుడిచింది. పక్కింటి నుంచి కుర్చీ తెచ్చింది, ఎదురింటి నుంచి ఫ్యాను తెచ్చింది, కొట్టు నుంచి బిస్కెట్లు తెప్పించింది. అత్తమ్మ ఎప్పటిలాగే భుజం దగ్గర కుట్టు వేసిన నూలు చీరలో ఉంది. "పెద్దసారొస్తుండు, గా చీరతోటి కూసోబెడ్తమా? ఏమనుకుంటడు మన గురించి?" అంది అమ్మ. ఆ పొద్దున్నే నాయిన మగ్గం మీంచి ఒక పట్టుచీర కోసి దించాడు. పట్టు సావుకారిది, చీర సావుకారిది, మాది కూలి మాత్రమే. సాయంత్రం ఆయన మనిషి వచ్చి పట్టుకుపోవాలి.

ఆ చీర తీసుకొచ్చి అత్తమ్మకు కట్టింది నేను. డిగ్రీ చదివిన నేను. ఆమె పేదరాలని నా చేత్తో అర్జీ రాసిన నేను.

"వద్దు బిడ్డా, మనది గాదది" అంది అత్తమ్మ. అంటూనే అంచు పట్టుకుని చూసింది. ఆ అంచు కండెలు ఆమె చుట్టినవే. ఎన్ని వందల చీరలకు కండెలు చుట్టిందో, ఒక్కటీ ఒంటి మీద వేసుకోలేదు. నేను కుచ్చిళ్లు సర్దుతుంటే గట్టిగా ఊపిరి కూడా తీసుకోలేదు, ఎక్కడ నలుగుతుందోనని. కళ్లు మాత్రం మెరిశాయి. చిన్నపిల్లలా అద్దం అడిగింది.

గిర్దావర్ మంచివాడే. మర్యాదగా మాట్లాడాడు, చాయ్ తాగాడు, బిస్కెట్ తిన్నాడు, ఫ్యాను గాలికి కాగితాలు ఎగురుతుంటే అత్తమ్మే వాటి మీద చెయ్యి పెట్టి పట్టుకుంది. ఆయన వెళ్తూ "నమస్తె అమ్మా" అన్నాడు. మేమందరం పని బాగా జరిగిందనుకున్నాం. నాయిన ఆ సంతోషంలో ఒక బీడీ ఎక్కువ కాల్చాడు.

రెండు నెలల తర్వాత వకీలు సారు ఆ నివేదిక చదివి వినిపించాడు. అర్జీదారు పక్కా ఇంట్లో నివసిస్తున్నారని, విచారణ సమయంలో విలువైన పట్టుచీర ధరించి ఉన్నారని, ప్రభుత్వం నుంచి ప్రతినెలా పింఛను పొందుతున్నారని, ఆహారానికీ గౌరవప్రదమైన జీవనానికీ లోటు కనిపించలేదని ఉంది. అందులో ఒక్క అబద్ధం లేదు. అదే నా కడుపు మండించేది.

సాక్ష్యం రోజు నాయినా నేనూ అత్తమ్మను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి కోర్టు మెట్ల మీదుగా పైకి మోశాం. అవతలి వకీలు అడిగాడు, "మీకు నెలనెలా పింఛను వస్తుందా?"

"వస్తది సార్."

"అంటే మీకు స్థిరమైన ఆదాయం ఉంది."

"ఆదాయం గాదు సార్. కాళ్లు లేనందుకు ఇస్తున్నరు."

"ఆ రోజు కట్టుకున్న పట్టుచీర ఎవరిది?"

"సావుకారిది."

"మీది కానప్పుడు ఎందుకు కట్టుకున్నారు?"

అత్తమ్మ నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. నా మేనకోడలు బలవంతంగా కట్టింది అంటే సరిపోయేది. వకీలు సారు అట్లాగే చెప్పమని ముందే నేర్పాడు కూడా. ఆమె గొంతు సవరించుకుని, "కట్టుకోవాలనిపించి కట్టుకున్న సార్" అంది.

హాల్లో ఎవరో నవ్వారు. అర్జీ కొట్టేశారు. గడువులోగా పూర్తి ఫీజు కట్టుకుంటే దావా తీసుకుంటామన్నారు. ఆటోలో తిరిగొస్తుంటే, ఎందుకట్లా చెప్పావని నేను అరిచినంత పని చేశాను. ఆమె చెప్పులు తొడిగిన చేతులు ఒళ్లో పెట్టుకుని రోడ్డు చూస్తూ కూర్చుంది. చాలాసేపటికి, "అందరి ముంగట నీ పేరు ఎందుకు చెప్తనే? పిల్లలకు సదువు చెప్పేదానివి" అంది.

అక్కడితో ఆగినా బాగుండేది. కోర్టు ఉత్తర్వు నకలు ఎవరో పింఛన్ల ఆఫీసుకు పంపారు. ఎవరో అని మర్యాద కోసం రాస్తున్నాను, మా వాడకట్టులో నకళ్లు తీసే తీరిక ఒక్కరికే ఉంది. లక్షల జాగా కోసం కొట్లాడే మనిషికి, పట్టుచీరలు కట్టే మనిషికి పింఛనెందుకని అర్జీ. విచారణ తేలేదాకా పింఛను ఆపారు. వైకల్యం సర్టిఫికెట్ అసలు కాగితం కూడా పరిశీలనకని తీసుకుని పెట్టుకున్నారు. పింఛను వస్తోంది కాబట్టి ఫీజు మాఫీ లేదు. ఫీజు మాఫీ అడిగింది కాబట్టి పింఛను లేదు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటారే, ఆ సామెత పుట్టించినవాడు ఏదో ఒక ఆఫీసు అరుగు మీద కూర్చునే పుట్టించి ఉంటాడు.

తీర్పు మళ్లీ చూడమని వకీలు సారు ఇంకో అర్జీ వేశాడు. ఆ వాయిదాల్లో ఒకరోజు, కోర్టు భవనంలోనే కింద, మంచినీళ్ల కుళాయి పక్క గదికి ఉన్న బోర్డు చదివాను. అదివరకు దాని ముందు నుంచి ఎన్నిసార్లు నడిచానో. ఆడవాళ్లకు, వైకల్యం ఉన్నవాళ్లకు ఉచిత న్యాయ సహాయం అని రాసి ఉంది. లోపల కూర్చున్న మేడమ్‌ను అడిగాను. కోర్టు ఫీజు కూడానా అంటే, కూడా అంది. ఆదాయం ఎంతుండాలంటే, ఈ రెండు రకాల వాళ్లకు ఆదాయం చూడం అంది. మా అత్తమ్మ ఆడది, పైగా కాళ్లు లేవు. రెండు రకాలుగా అర్హురాలు. పేదరాలని నిరూపించుకోవాల్సిన పనే లేదు. నాలుగేళ్లుగా మేం దాటిపోతున్న తలుపు అది.

ఇంటికి పోయి చెప్తే అత్తమ్మ నమ్మలేదు. "మరి గా చీర ముచ్చట అడుగరా?" అంది. అడగరన్నాను. "పింఛను?" అదీ అడగరన్నాను. ఆమె రాట్నం ఆపి నవ్వింది. ఇన్నేళ్లలో అంత చేదుగా ఆమె నవ్వడం నేను చూడలేదు. "గంతేనా? కాళ్లు లేవని చూపెడితె సాలా? గది నాకు పుట్టెడుంది గదనే."

ఫారం నేను నింపాను. ఇక కావలసినవి రెండే, ఆమె వేలిముద్ర, వైకల్యం సర్టిఫికెట్ అసలు కాగితం. ఆ కాగితం పింఛన్ల ఆఫీసులో ఉంది. అది తేవడానికి మూడుసార్లు తిరిగాం. మొదటిసారి సారు లేడు. రెండోసారి బీరువా తాళాలు లేవు. మూడోసారి నాకు బళ్లో పరీక్షలు, అత్తమ్మ ఒక్కతే ఆటోలో వెళ్లింది. అర్జీదారే స్వయంగా రావాలని అంతకుముందే అన్నారు. సాయంత్రం దాకా వరండాలో కూర్చుని, కాగితం చేతికి రాక, వానలో తడిసి ఇల్లు చేరింది. ఆ రాత్రికి జ్వరం. వాన వల్లే పోయిందని నేను అనను. అరవై దాటిన మనిషి, ఊపిరితిత్తులు ముందే మెత్తనివి అని దవాఖానలో డాక్టరమ్మ చెప్పింది. ఆమె చెప్పింది నిజమే కావచ్చు. నాకు నిజాల మీద నమ్మకం సన్నగిల్లింది, అంతే.

చావుకు కాగితాలాయన వచ్చాడు. పూలదండ తెచ్చాడు. నేను ఎగబడబోతే నాయిన చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఇయ్యాల గాదు బిడ్డా" అన్నాడు. చచ్చినవాళ్ల ముందు తిట్టకూడదన్నది కూడా మా మర్యాదల్లో ఒకటి. ఆ మర్యాదలను నేను ఇంకా ఎన్నాళ్లు మోస్తానో తెలియదు.

పదకొండో రోజు అయిపోయాక వాయిదా వచ్చింది. చనిపోయిందని చెప్పి రావడానికి వెళ్లాను. వకీలు సారు వరండాలో ఎదురై, వారసులుగా మీ నాయిన కేసు నడపవచ్చు గానీ ఫీజు మాఫీకున్న దారి ఆమెతోనే పోయిందన్నాడు. ఇప్పుడు నాయిన తన సంగతి మళ్లీ మొదటి నుంచి నిరూపించుకోవాలట. "చట్టంల పేదరికం వారసత్వంగ రాదమ్మా" అన్నాడు. ఆయన వెటకారంగా అనలేదు. చట్టంలో రాదేమో. మా ఇంట్లో తాత నుంచీ వస్తూనే ఉంది.

మా కోర్టు హాలు పై అంతస్తులో ఉంటుంది. సాక్ష్యం రోజు తప్ప మిగతా వాయిదాలకు అత్తమ్మను పైకి మోయలేదు. కింద మొదటి మెట్టు పక్కన గోడకు ఆనుకుని కూర్చునేది. పైకీ కిందికీ తిరిగే జనం ఆమె మీదుగా దాటిపోయేవారు, కొందరు చీరకొంగు తొక్కేవారు. అటెండరు హాలు తలుపు దగ్గర అందరినీ పిలిచి, ఆమె కేసు వచ్చినప్పుడు మాత్రం నాలుగడుగులు నడిచి, మెట్ల కమ్మీ మీంచి కిందికి వంగి పిలిచేవాడు. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు. ఇంట్లో మేం ఎవరమూ ఆ పేరుతో ఆమెను పిలిచి ఎరగం. కింది నుంచి ఆమె "ఉన్న సారూ" అనేది.

ఆ రోజూ ఆయన నడిచి వచ్చి, నా పక్కనే నిలబడి, కిందికి వంగి పిలిచాడు. నేను చెప్పాల్సింది, చెప్పడానికే వచ్చాను. కమ్మీ పట్టుకుని నేనూ కిందికే చూశాను. రెండోసారి పిలిచాడు. మూడోసారి ఇంకొంచెం వంగి, గట్టిగా పిలిచాడు. కింద మెట్ల మీద గుమిగూడిన జనం ఆ పిలుపుకు తలలెత్తి చూశారు. ఎవరో వస్తున్నారనుకుని, అందరూ గోడ వైపు ఒదిగి, మధ్యలో దారి వదిలారు.